‘దొరా’ అంటే పొంగిపోవద్దు

అలంకారాలను మనం మార్కుల కోసం బట్టీ పడుతున్నాం. లక్షణం రాస్తాం, ఉదాహరణ రాస్తాం, పరీక్ష కాగానే మరిచిపోతాం. కానీ వ్యంగ్యాన్ని గుర్తుపట్టడం పరీక్షతో అయిపోయే పని కాదని నా అభిప్రాయం. ఇంట్లో కోయ భాషో, లంబాడీయో మాట్లాడి, బడికొచ్చినాక తెలుగు నేర్చినోళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. మాటకు అర్థం నిఘంటువులో దొరుకుద్ది. మాట లోపలి ఎత్తిపొడుపు అందులో దొరకదు.

వ్యంగ్యం ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది మాటలో ఉంటుంది. ప్రార్థన అయిపోయినాక వచ్చినోణ్ణి “అబ్బో, పెందలాడే వచ్చినవే!” అంటాం. పైకి మెచ్చుకోలు, లోపల దెప్పుడు. దీన్ని వ్యాజస్తుతి అంటారు. తిరగేసినా వ్యాజస్తుతే, అప్పుడు పైకి నింద, లోపల స్తుతి. దీనికి మంచి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. నేలకొండపల్లి కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు గోల్కొండలో ఖైదు పడ్డాడు. చెరలో ఉండి, తాను చేయించిన నగలన్నీ లెక్కచెప్పి రాముణ్ణే నిలదీస్తూ కీర్తనలు పాడాడు. వింటే తిట్టులా ఉంటుంది. కానీ అంత చనువు భక్తుడికే ఉంటుంది.

రెండోది నాటకంలో కనపడుతుంది. చూసేవాళ్లకు తెలిసిన సంగతి పాత్రకు తెలవదు. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. దాన్ని ఆయనే పెంచి 1909లో మళ్లీ వేయించారు. అందులో ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పెళ్లి చేసుకున్న ‘పిల్ల’ ఆడవేషం వేసిన కుర్రవాడు! మనకు తెలుసు, ఆయనకు తెలవదు. మనం నవ్వుతాం. ఆ నవ్వులోనే ఆడపిల్లల్ని అమ్మే ఆచారం ఎంత పాడుదో అర్థమవుతుంది.

మూడోది జరిగిన సంగతిలోనే ఉంటుంది, ఎవరూ నోరు తెరవక్కర్లేదు. పోలవరం ప్రాజెక్టు పొలాలకు నీళ్లివ్వడానికి తలపెట్టింది. దాని ముంపు కింద భద్రాచలం చుట్టుపక్కల మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు గోదావరి ఒడ్డున తరతరాలుగా బతికిన కోయలు, కొండరెడ్లు ఆ నీళ్ల కోసమే ఊళ్లు వదలాల్సి వచ్చింది. ఇది నవ్వొచ్చే వ్యంగ్యం కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ‘దొర’ అంటే గొప్పవాడు. కానీ సినిమాల్లో ‘కోయదొర’ ఎవరు? తలకు ఈకలు పెట్టుకుని, వంకర తెలుగులో జోస్యం చెప్పేవాడు. మాట గౌరవానిది, వాడకం ఎగతాళిది. “గిరిజనులు అమాయకులు, కల్లాకపటం తెలవనోళ్లు” అని మీటింగుల్లో పొగుడుతుంటారు. వినడానికి బాగానే ఉంటది. అమాయకుడు అన్నోడికి లెక్కలు చూపించక్కర్లేదు, కాగితం చదివి వినిపించక్కర్లేదు, అభిప్రాయం అడగక్కర్లేదు! అన్నవాళ్లకు చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు, కానీ నా లెక్కన ఆ పొగడ్తలో వ్యాజస్తుతి ఉంది.

అందుకే ఎవరన్నా పొగిడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. అన్నది ఎవరు? మాటకు, జరిగిన దానికి పొంతన ఉందా? ఆ మాటతో ఎవరికి లాభం?

మనం కూడా జాగ్రత్తగా ఉండాలి. తెలుగు సరిగా రాని చిన్న తరగతి తమ్ముణ్ణి “ఏం పండితుడా!” అంటే వాడు నిజమనుకుని నవ్వుతాడు. చుట్టూ ఉన్నోళ్లు వాణ్ణి చూసి నవ్వుతారు. గోపన్న తనకన్నా పెద్దవాణ్ణి, రాముణ్ణే అడిగాడు. చేతనైతే మనం కూడా వ్యంగ్యాన్ని పెద్దల తప్పుల మీద వాడదాం. తమ్ముడికి మాత్రం తెలుగు నేర్పుదాం.