దివిసీమయు మన తుంగభద్రయు

దసరా సెలవులు సమీపించినంతనే మన పట్టణములలోని విద్యావంతులును, పల్లెలలోని మోతుబరులును ఎచ్చటికి పోవుదమా యని యోచింతురు. కొందరు ఊటీకి పోవుదురు. కలిగినవారు గోవాకును, ఇంకను కలిగినవారు సింహళమునకును పోవుదురు. సముద్రతీరమును, ద్వీపమును చూడవలెనను కోరిక సహజమైనది. దానిని మేము తప్పుపట్టము. కాని సి.బెళగల్లు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల వారికి సింహళముకంటె దగ్గర చుట్టరికముగల ద్వీపమొకటి తెలుగుదేశముననే కలదు. అది దివిసీమ. బెళగల్లు పక్కగా ప్రతి వర్షర్తువునను ఎఱ్ఱనై పాఱిపోవు తుంగభద్ర, సంగమేశ్వరముకడ కృష్ణలో కలిసి, శ్రీశైలము, నాగార్జునసాగరము, బెజవాడ దాటి, తుదకు సముద్రమును చేరునది ఆ ద్వీపమునకు ఇరువైపులనే. మన చేల ఒండ్రుమట్టి కొంత ఆ నేలలో నున్నదనుట కవిత్వము కాదు, భూగోళశాస్త్రము.

గడచిన శరత్కాలపు సెలవులలో మేమా సీమను చూచి వచ్చితిమి. బెజవాడనుండి అవనిగడ్డకు కృష్ణ కరకట్టమీదుగా పోవు బాట యున్నది. కుడివైపున నది, లంకలు; ఎడమవైపున అరటి, చెఱకు, వరి. ఎకరము జొన్నకు వాననమ్మి ఆకాశము చూచు మనవారికి ఆ పచ్చదనము చూడగా మొదట కన్ను చల్లబడును, పిదప కడుపు మండును. ఈ రెండవ భావమును మేము దాచము. దానిని గూర్చియే ముందు చెప్పవలసి యున్నది.

ఆ బాటలోనే శ్రీకాకుళము తగులును. ఉత్తరాంధ్రమునందలి శ్రీకాకుళము కాదు, ఆంధ్రమహావిష్ణువు వెలసిన కృష్ణాతీర గ్రామము. తుంగభద్ర యొడ్డున హంపీలో సింహాసనమున్న శ్రీకృష్ణదేవరాయలు కళింగయాత్రలో ఇచ్చట ఆగెననియు, స్వామి కలలో కనబడి తెలుగున కావ్యము వ్రాయుమని ఆనతిచ్చెననియు ఆముక్తమాల్యద యందు చెప్పబడినది. తుంగభద్ర తీరపు రాజు కృష్ణ కడపటి తీరమున తెలుగు కావ్యమునకు పూనుకొనెను. మనవారికీ త్రోవ క్రొత్తది కాదు, మఱచినదంతియే.

పులిగడ్డకడ నది రెండు పాయలగును. ఆ పాయల నడుమను, దక్షిణమున సముద్రమును హద్దుగా దివిసీమ యున్నది. అచ్చట బ్రిటిషువారి నాటి కట్టడ మొకటి చూడదగినది: నదిపాయమీదుగా కాలువను దాటించు వారధి. క్రింద నది, పైన కాలువ! నదికి నడుమనుండియు ఈ ద్వీపము త్రాగునీటికిని సాగునీటికిని ఆ కాలువపై నాధారపడియున్నది, ఏలయనగా సముద్రపు పోటు పాయలలోనికి ఎక్కివచ్చి నీటిని ఉప్పన చేయును. చుట్టును నీరుండి దాహమనుట మనకు వింతగా తోచును గాని, నదియొడ్డున నుండి బిందెడు నీటికి నడచు బెళగల్లు సీమ పల్లెలు దానికంటె తక్కువ వింతవి కావు.

అవనిగడ్డ ఆ సీమకు ముఖ్యపట్టణము. అంగళ్లు, కచేరీలు, గాంధీక్షేత్రము కలవు. దక్షిణమునకు పోగా నాగాయలంక, అచ్చటి పుష్కరఘట్టము. సాయంకాలమున ఊరంతయు ఏటిగట్టునకు వచ్చి కూర్చుండును. ఏటిమొగనుండి పంటుమీద దాటి ఎదురుమొండి దీవికి పోవచ్చును. మోటారుబండ్లు, గేదెలు, బడిపిల్లలు, చేపల తట్టలు ఒకే పంటుమీద ఎక్కుట మన ఎమ్మిగనూరు సంతను జ్ఞప్తికి తెచ్చినది. ఆవల మడ అడవులు. నీటిలోనికి వ్రేళ్లు దింపి నిలిచిన ఆ చెట్లను చూడక దివిసీమను చూచితిమని చెప్పరాదు. అచ్చట బావురుపిల్లి యను జంతువు నీటిలో దిగి చేపలు పట్టునట, మాకది కనబడలేదు. ఇక కోడూరు దాటి హంసలదీవి. పాపులు స్నానములాడుటచే నల్లబడిన గంగ కాకిరూపమున తీర్థములన్నియు తిరిగి, ఇచ్చట మునిగి హంసయయ్యెనని స్థలపురాణము. వేణుగోపాలస్వామి యాలయము, మాఘపూర్ణిమనాడు సముద్రస్నానమునకు వచ్చు వేలాది జనము ప్రసిద్ధము. శరత్తున మాత్రము జనసమ్మర్దము లేదు. నదియు సముద్రమును కలియు రేఖ, మంచినీటి మట్టిరంగును ఉప్పునీటి నీలమును, ఎవరును త్రోయకుండ నిలిచి చూడవచ్చును.

అయితే ఆ శరత్తే ఆ సీమకు మృత్యువు. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్పదివేలమంది మరణించిరి. 113 సంవత్సరములకు, 1977 నవంబరు 19న, శనివారము, తుపాను దివిసీమపై పడి సముద్రము గోడవలె లేచి పల్లెలమీదికి వచ్చెను. పదివేలకు మించిన ప్రాణములు పోయినవి. సొర్లగొంది వంటి ఊళ్లలో ఇంటికొకరు మిగులుటయే అరుదు. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను 1975లో నడిపిన మండలి వెంకటకృష్ణారావుగారు ఆ సీమవారే. శవములనడుమ వారు చేసిన సేవను అచ్చటి వృద్ధులు నేటికిని చెప్పుకొందురు. 1990 మే నెలలో అంతటి తుపానే వచ్చినపుడు ముందుగా జనమును తరలించుటచే మరణములు వేయికి లోపుగ నిలిచినవి. 1953లో ఉత్తరసముద్రము పొంగి హాలండులో 1,836 మందిని బలిగొన్నపుడు ఆ దేశము సముద్రపు కట్టలను జాతీయకార్యముగ నెంచి దశాబ్దములపాటు ధనము వెచ్చించెను. మనకు కరకట్ట జ్ఞప్తికి వచ్చుట వరదనాడు మాత్రమే.

వరదయన 2009 అక్టోబరు 2వ తేదిని మన జిల్లావారు మఱవలేరు. తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలు నగరమును ముంచెను. ఆ నీరు మన గడపలనుండి తీసిపోగానే మనము బురద యెత్తుకొనుచు కూర్చుంటిమి. అది ఎచ్చటికి పోయెనని అడిగినవారెందరు? కృష్ణ వరదతో కూడి అక్టోబరు 5న ప్రకాశము బారేజికడ 11 లక్షల క్యూసెక్కులకు ఎక్కినది. డెల్టాలో కరకట్ట తెగినచోట్లు కలవు, లంకగ్రామములు మునిగినవి. మూడుదినముల యెడముతో ఒకే వరద రెండు సీమల నేడ్పించినది.

ఇక దాచమన్న మాట. మన సభలలో వక్తలు లేచి, నీరంతయు వృథాగా సముద్రముపాలగుచున్నదని గర్జింతురు. చప్పట్లు మ్రోగును. హంసలదీవికడ నిలిచినవాడు ఆ మాటను అట్లే పలుకజాలడు. బారేజి దిగువకు చుక్క వదలని యేండ్లలో ఉప్పునీరు పైకి ప్రాకును, బావులు చెడును, చేలు చవుడుబాఱును, మడచెట్లు క్షీణించును. సముద్రమునకు పోవు నీటిలో కొంత ఆ ద్వీపవాసుల హక్కు.

అంతమాత్రమున మన హక్కు నశించునా? నశింపదు. సి.బెళగల్లు మండలమునందలి గుండ్రేవులకడ 20 టి.యం.సి.ల జలాశయము కావలెనని మనవారు ఏండ్లతరబడి మొఱపెట్టుచున్నారు. దిగువనున్న సుంకేసుల నిలువ 1.2 టి.యం.సి. మాత్రము. ఒక లెక్క చూడుడు. 11 లక్షల క్యూసెక్కుల ప్రవాహము ఒక దినమునకు సుమారు 95 టి.యం.సి.లగును. అనగా మనమడుగు జలాశయమంతయు నానాడు బెజవాడ దాటిన నీటిలో ఐదుగంటల భాగము. వరదనాటి ఐదుగంటల నీరు నిలుపుటచే దివిసీమకు నష్టమేమియు లేదు. ఎండకాలపు ప్రవాహమును కాజేయుటచే నష్టము కలదు. ఈ భేదమును చూపి అడుగుదుమేని మన కోరికకు డెల్టావారే సాక్ష్యము పలుకుదురు. చూపక గర్జింతుమేని వారు తలుపులు మూసికొందురు, ఇంతకాలము జరిగినదదియే.

డెల్టాను మనవారిలో బాగుగ నెఱిగినవారు లేకపోలేదు. ప్రతివత్సరము ఇంటికి తాళమువేసి, పిల్లలను బడిమాన్పించి, గుంటూరు సీమకు ప్రత్తితీతకును మిరపకోతకును వలసపోవు కూలీలు. కృష్ణకాలువ ఎట్లుండునో వారికి తెలియును, వారు పనిచేయు చేల యజమానులకు మన కరువు తెలియును. తెలియనిది సెలవులు గలవారికే. ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలల యజమాన్యములు ఒక శరత్తున విద్యార్థులను దివిసీమకు పంపవచ్చును; మూడుదినములు చాలును, బందరు రేవున తుపాను హెచ్చరిక లేనపుడు పోవలెను, పంటు వేళలు అడిగి బయలుదేరవలెను. అట్లే నాగాయలంక, కోడూరు పెద్దలను వైశాఖమాసమున బెళగల్లు రేవునకు మనము పిలువవలెను. ఆనాడు వారు తుంగభద్రను చెప్పులతో నడచి దాటవచ్చును. నడుమ ఇసుకలో చెలమ త్రవ్వి, చిప్పతో నీరు తోడి బిందె నింపు స్త్రీలు కనబడుదురు.