చేతిలోంచి సూది లాక్కోం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ మెట్రో స్టేషన్ల మధ్య ఉన్నవి రెండే స్టేషన్లు. ఆ కాస్త దూరంలోనే, ఆ పక్క సందుల్లోనే ఎన్నో ఆసుపత్రులు, ఎన్నో కోచింగ్ సెంటర్లు. ఇక్కడి వార్డుల్లో పనిచేసే స్టాఫ్ నర్సులం, డాక్టర్లం మేం. వార్డుకొచ్చే విద్యార్థులకు పని నేర్పడం మా డ్యూటీలో భాగమని, ఎలా నేర్పాలో ముందు మేం నేర్చుకోవాలని ప్రకటిస్తున్నాం.

మాలో ఒకరికి జరిగింది చెబుతాం. ఏళ్ల కిందట ఓ ఆసుపత్రిలో నర్సింగ్ విద్యార్థినిగా ఒక ముసలమ్మకు క్యాన్యులా పెడుతోంది. టోర్నికే కట్టింది, నరం దొరికింది, చెయ్యి వణికింది. "జరుగు, నేను పెడతా" అంటూ సీనియర్ సూది లాక్కుంది. పని క్షణంలో అయిపోయింది. ఈమె మాత్రం నెలరోజులు మళ్లీ సూది పట్టలేదు. ఆ సీనియర్‌ని తప్పుపట్టలేం. ఆ పూట వార్డు మొత్తం ఆమె మీదే ఉంది, పైగా నేర్పే పద్ధతి ఆమెకెవరూ చెప్పలేదు.

మెడికల్ కాలేజీ అధ్యాపకులకు బోధనలో శిక్షణ ఉంది. 2019లో ఎంబీబీఎస్‌కు వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక కూడా విద్యార్థి ఏం చేయగలడో చూడమంటోంది. అయితే రాత్రి రెండింటికి విద్యార్థి పక్కన ఉండేది స్టాఫ్ నర్సు, పీజీ, డ్యూటీ డాక్టరే. ఆ శిక్షణ మాకూ కావాలి.

ఈలోగా మేం పెట్టుకున్న పద్ధతి ఇది: ముందు చూపిస్తాం, తర్వాత చేయిస్తాం. చేస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని పక్కన నిలబడతాం. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. రోగికి ముప్పనిపిస్తే ఆ క్షణమే అందుకుంటాం, అక్కడ మొహమాటం లేదు. ఎవరు చేయబోతున్నారో రోగికి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయిస్తాం. తప్పు జరిగితే అదే రోజు, పక్కకు పిలిచి చెబుతాం.

మాట వినడమూ నేర్పాలి. నల్లగొండ, సూర్యాపేట నుంచి విజయవాడ హైవే మీదుగా వచ్చేవాళ్ల దారిలోనే ఉంది ఎల్‌బీనగర్. అలా వచ్చిన ఓ పెద్దాయన "పెయ్యి కాలుతున్నది" అంటే విద్యార్థి కేస్‌షీట్‌లో 'ఒంటి మంట' అని రాశాడు. థర్మామీటర్ పెట్టి చూడమన్నాం. జ్వరం! కోచింగ్‌లో నాలుగు ఆప్షన్లలోంచి జవాబు ఏరడంలో ఆరితేరిన పిల్లలు వీళ్లు, రోగి మాట వినగానే ఏదో ఒక పదం ఏరేస్తారు. అందుకే రోగి చెప్పింది ముందు రోగి మాటల్లోనే రాయిస్తాం, అర్థం ఆయన్నే అడగమంటాం.

కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అన్ని పడకల దగ్గర నిలబడాల్సినవాళ్లు ఇప్పుడు మా వార్డుల్లో నేర్చుకుంటున్న పిల్లలే.

యాజమాన్యాలనూ ప్రభుత్వాన్నీ అడిగేదొకటే. విద్యార్థిని అప్పగించిన రోజు మాకు పడకలు తగ్గించండి, ఆ గంటల్ని డ్యూటీగా రాయండి. మా వంతుగా, కళ్లతో చూడని పనికి విద్యార్థి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టం. నెలాఖరున దొంతరగా తెచ్చినా పెట్టం, పైనుంచి ఫోన్ వచ్చినా పెట్టం.