జానెడు దూరంలో గొంతు

కర్నూలు ఎండల్లో తరగతి గదిలో ఫ్యాను ఆపమని ఎవరడుగుతారు? వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి ఫోనును బల్ల మీద పెట్టి, రికార్డింగ్ నొక్కి, పాఠంలో పడిపోతుంది. రాత్రి హాస్టల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ముందు ఫ్యాను హోరు. ఆ తర్వాత ఎవరిదో దగ్గు, బెంచీ కిర్రుమన్న చప్పుడు, పేజీలు తిప్పిన గరగర. వాటన్నిటి వెనక ఎక్కడో, బావిలోంచి వచ్చినట్టు మాస్టారి గొంతు.

పొద్దున అదే గదిలో, అదే బెంచీలో ఆమెకు పాఠం బాగానే వినిపించింది. చెవి వెనక మనసుంటుంది మరి. కావలసిన గొంతును పట్టుకుని, తక్కిన చప్పుళ్లను అది పక్కకు నెడుతుంది. తిరునాళ్ల సందడిలోనూ అమ్మ పిలుపు బిడ్డకు అందేది అందుకే. మైకుకు ఆ ఎరుక లేదు. దానికి మాస్టారూ ఫ్యానూ ఒక్కటే.

మన సీమ గదులకు ఇంకో సంగతుంది. కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచిన నేల వేసవిలో పాదాలకెంత హాయి! అయితే రాయి శబ్దాన్ని తాగదు, తిప్పికొడుతుంది. ఖాళీ గదిలో ఒక మాట ముగిసినా దాని మోత ఆగక తర్వాతి మాట మీద పడుతుంది. కిటికీకి ఓ పరదా, నేల మీద ఓ జంపఖానా ఉంటే ఆ మోత తగ్గుతుంది. గది నిండా మనుషులున్నా తగ్గుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద మందు, దగ్గరికి జరగడం. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే, నేరుగా అందే ధ్వని బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్యాను హోరు మాత్రం ఉన్నట్టే ఉంటుంది. గడ్డానికి జానెడు కింద, చొక్కాకు తగిలించే చిన్న మైకు అంత బాగా పనిచేసేది ఈ దగ్గరితనం వల్లే. అది లేకపోయినా ఫరవాలేదు. ఫోనునే మాస్టారి బల్ల మీద పెట్టొచ్చు. కింద మడతపెట్టిన చేతిరుమాలు వేస్తే బల్ల అదురు అంతగా అందదు. అడుగు అంచున ఉండే మైకు రంధ్రం ఆయన వైపు తిప్పి, మధ్యలో కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ముందుగా ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకుంటే చాలు.

మాట చెడకుండా దాచుకోవాలన్న తపన ఈ నేలకు పాతదే. 1820లో ఉద్యోగానికి కడప వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్, తర్వాత ఇక్కడి తన బంగళాలోనే పండితులనూ లేఖకులనూ పెట్టుకుని తాళపత్రాలకు ప్రతులు రాయించారు. ఒకే పద్యానికి నాలుగైదు పాఠాంతరాలు దొరికితే పక్కపక్కన పెట్టి పోల్చి చూసేవారు. ఎన్నో చేతులు మారిన మాటలోంచి అసలు గొంతును విడదీయడమే ఆ శ్రమంతా. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయంటే దాని వెనక అంత వినికిడి ఉంది.

కవి పుట్టపర్తి నారాయణాచార్యులు ఇదే కడపలో బడిపిల్లలకు తెలుగు చెప్పారు. 1990లో ఆయన కన్నుమూసే నాటికి ఏ పిల్లవాడి జేబులోనూ ఫోను లేదు. ఆ తరగతులు విన్నవాళ్ల చెవుల్లో మిగిలిందే మిగిలింది. వాళ్లతో పాటే అదీ వెళ్లిపోతుంది.

ఈ రోజు మన ప్రతి జేబులోనూ ఓ మైకుంది. మాస్టారి పాఠమే కాదు, అరుగు మీద నాయన చెప్పే కరువు రోజుల ముచ్చట, అవ్వ పాడే దంపుడు పాట కూడా అందులో నిలుస్తాయి. వాటి కోసం మనం చేయవలసిందల్లా లేచి నాలుగడుగులు ముందుకు వెళ్లడం. రేపు పాఠం మొదలయ్యే ముందు ఒక్కసారి బల్ల దగ్గరికి వెళ్లి అడగండి: ‘‘సార్, ఫోను ఈడ పెట్టుకుంటా సార్?’’ తన మాట దాచుకుంటామంటే కాదనే గురువు అరుదు.