గడువు తెలియక ఓడిపోవద్దు

తరిగొప్పుల రైతుకు జనగామ కోర్టులో భూమి కేసు పోయిందనుకోండి. అప్పీలుకు ఎన్నాళ్ల గడువుంది? 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. జడ్జి ఒప్పుకోకపోతే, మన వైపు న్యాయమున్నా వినేవారుండరు.

వకీలు లేని కక్షిదారు ఉన్న కేసులో అప్పీలు ఎక్కడ, ఎన్నాళ్లలో వేయాలో కోర్టే చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఇరువైపులా వకీళ్లుంటే ఆ నియమం లేదు. వకీలు కబురు ఊరికి చేరేసరికి నెల గడిచిపోవచ్చు. అందుకే ప్రతి తీర్పు నకలు మీద అప్పీలు గడువును తెలుగులో రాసివ్వాలని నా అభిప్రాయం.

అంతవరకు ఆ పని మనదే. మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టెలోని కోర్టు కాగితాలు చదివి, తేదీలు పెద్దలకు చెప్పండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మన చదువు ముందుగా మన ఇంటికి అక్కరకు రావాలి.