హృదయపరీక్షలు – సంఘసభ్యుల కర్తవ్యము

విత్తుటకు పూర్వమే నేలను పరీక్ష చేయించుకొనవలెనని మేము రైతుసోదరులకు పలుమారు మనవి చేసియున్నాము. పైకి నల్లగా నిగనిగలాడు చేనిలోను చౌడు దాగియుండవచ్చును. పైరు మాడిన పిమ్మట చేయు పరీక్ష కారణమును తెలుపును గాని పంటను తిరిగి యీయజాలదు. మన గుండె విషయమును ఇట్టిదే. నొప్పి పుట్టిననాడు ఆస్పత్రికి పోవుటయే వైద్యమని తలంచు అలవాటు మారవలెననియు, ఆ మార్పునకు సహకారసంఘములే పూనుకొనవలెననియు మా యభిప్రాయము.

హృద్రోగము బస్తీలలో కుర్చీమీద కూర్చుండువారి జబ్బనియు, ఎండలో చెమటోడ్చు రైతు జోలికి అది రాదనియు మనలో పెక్కుర నమ్మకము. ఇది నిజము కాదని మన గోదావరి జిల్లాలే ఋజువు చేసినవి. 2003-04లో అచ్చటి 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనములో, ఒక సంవత్సరము జరిగిన మరణములకు కారణములను ఇంటింట విచారించి లెక్కించిరి. నూటికి 32 మరణములు గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలన సంభవించినవి. అంటువ్యాధులవలన కలిగినవి నూటికి 12 మాత్రమే. మన తాతలు మశూచికిని కలరాకును భయపడిరి. మనము భయపడవలసిన శత్రువు వేఱు.

ఈ శత్రువు ఒక్క ప్రాణముతో తృప్తినొందదు. నడివయసులో సభ్యుడు కూలినచో అతని అప్పు నిలిచియే యుండును. భార్య కన్నీరు తుడుచుకొనక మునుపే వాయిదా వచ్చును. జామీనుదారు గుమ్మమునకు నోటీసు వచ్చును. కనుక సభ్యుని ఆరోగ్యము అతని సొంత వ్యవహారమనుట సంఘమునకు తగదు.

ఇక పరీక్షలు. మొదటిది రక్తపుపోటు. చేతికి పట్టీ చుట్టి చూచుటకు ఐదు నిమిషములైనను పట్టదు. పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని దాటి, వేర్వేరు దినములలో చూచినను అట్లే యున్నచో పోటు హెచ్చుగా నున్నట్లు. పరీక్షకు అరగంట ముందు చుట్టగాని కాఫీగాని త్రాగరాదు; ఐదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెను. రెండవది రక్తములోని చక్కెర, కొవ్వుల పరీక్ష.

మూడవది ఇ.సి.జి. హాలెండు దేశపు ఐంతోవెన్ అను పండితుడు దీనిని సిద్ధపఱచి 1924లో నోబెలు బహుమానమును పొందెను. తీగెలు తగిలించుటచూచి, గుండెకు కరెంటు పెట్టుదురని కొందఱు జంకుచున్నారు. ఆ యంత్రము శరీరములోనికి కరెంటు పంపదు; గుండె తనంతట పుట్టించుకొను సూక్ష్మమైన విద్యుత్తును కాగితముపై గీయును, అంతియే. అయితే అది ఆ క్షణపు స్థితినే తెలుపును. నేడు గీత బాగున్నంతమాత్రమున నాళములన్నియు నిర్మలమని యెంచరాదు. నాలుగవది ఎకో. శబ్దతరంగములచేత గుండె గదులను, కవాటములను తెఱపై చూచుటయే ఇది. గొంతునొప్పి పిదప కీళ్లవాపుతో జ్వరము వచ్చిన పిల్లలకు ఒక్కొక్కప్పుడు కవాటములు చెడును, అట్టివారికిది ముఖ్యము. నాళములోనికి గొట్టము పంపి చేయు ఆంజియోగ్రాము డాక్టరు అవసరమన్నప్పుడే గాని అందఱికి కాదు.

సంఘపు సొమ్ముతో ఇ.సి.జి. యంత్రము కొనవలెనని కొందఱును, సభ్యులను బస్సులో పట్టణమునకు గొనిపోయి ఒకే మొత్తమునకు సర్వపరీక్షలు చేయించవలెనని కొందఱును కోరుచున్నారు. వారి సదుద్దేశమును మెచ్చుచునే, ఆ మార్గములకు మేము సమ్మతింపము. చదువ నేర్చినవారు లేనిచో యంత్రము బీరువాలో మూలుగును. కాలువ పూడిక తీయక మోటారు కొన్న వానికి నీరు పారునా? ముప్పది యేండ్లు నిండిన ప్రతివారికిని రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా చేయు ఏర్పాటు ఇదివఱకే కలదు. కొఱవడినది యంత్రము కాదు, పోవు మనుష్యుడు.

పోయినవారిలోను పలువురు మాత్రలను నడుమ మానుచున్నారు. “పోటు తగ్గినదిగదా, ఇక మాత్ర యేల?” అందురు. తగ్గినది మాత్రవలననే. ఈ యేడు వరద పొర్లలేదు గదా యని ఏటిగట్టును త్రవ్వివేయుదుమా? డాక్టరు చెప్పనిదే మాత్ర మానరాదు. దానితోపాటు చుట్ట, బీడీ విడువవలెను. ఊరగాయలోని ఉప్పును తగ్గింపవలెను.

రొమ్ములో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమటలు – ఇవి తోచినప్పుడు వాయువని సోడా త్రాగి తెల్లవాఱువఱకు వేచియుండుట మన పల్లెలలో మిక్కిలి హాని చేయుచున్నది. స్త్రీలలో నొప్పి లేకయే ఆయాసము, నీరసము మాత్రమే కనుపించుటయు కలదు. గుండె నాళములో గడ్డకట్టిన రక్తమును కరగించు సూదిమందు కలదు. డాక్టరు తగునని తలచినచో అది యెంత శీఘ్రముగా పడిన అంత గుండెకండరము దక్కును. పండ్రెండు గంటలు గడచినచో దాని ప్రయోజనము మిక్కిలి స్వల్పము. కావున వెంటనే 108కి ఫోను చేయవలెను. రోగి తానే మోటారుసైకిలు నడుపరాదు.

ఈ కారణములచే పాలకవర్గములకు మేము మూడు సూచనలు చేయుచున్నాము. ఏటేట ఏరువాకకు ముందు ఒక దినమున ఆరోగ్యకేంద్రపు డాక్టరును, నర్సులను సంఘపు గిడ్డంగికి ఆహ్వానించి, సభ్యులకేగాక వారి యింటి స్త్రీలకు, కౌలుదార్లకు, పాలేర్లకు గూడ పోటు, చక్కెర చూపింపవలెను. రాత్రింబగళ్లు ఇ.సి.జి. తీసి ఆ సూది వేయగల ఆస్పత్రి సమీపమున ఎచ్చట కలదో ముందే విచారించి, దాని పేరును, ఫోను నంబరును సంఘపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. మూడవది అన్నిటికంటె ముఖ్యము. పరీక్షాఫలితము సభ్యునికిని డాక్టరునకును తప్ప అన్యులకు తెలియరాదు. జబ్బున్నదని అప్పు నిరాకరింపరాదు. ఈ అభయము లేనిచో, నిజముగా జబ్బున్నవాడే ఆనాడు గిడ్డంగివైపు తొంగిచూడడు. పరీక్షయంతయు దండుగ యగును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మూడింటిని తీర్మానములుగా ప్రతిపాదింపవలసినదని సభ్యులను కోరుచున్నాము. ఇందులకు వలయు ధనము స్వల్పము. వలయునది పూనిక.