ఆజ్ఞలు చాలును, లెక్కలు చెప్పుడు

మన ప్రాంతమున రైతు ఎద్దును కొనునపుడు పండ్లు చూచును, సుడులు చూచును, అరకకు కట్టి నడిపించి చూచును. ఆ రైతే తన బిడ్డ ఏమి చదువవలెనో, చదివి ఏ వృత్తిలో ప్రవేశింపవలెనో పొరుగువాని మాటపై తేల్చివేయును. ఎద్దునకు దక్కిన విచారణ కన్నబిడ్డకు దక్కకుండుట న్యాయమా?

బిడ్డలపై ప్రేమలేని తలిదండ్రులను మేము చూడలేదు. లోపము ప్రేమయందు గాదు, మౌనమునందు. "ఇంజనీరువు కావలె" నని ఆజ్ఞాపించు తండ్రి, అందులకు వ్యయమెంత, ఇంటి అప్పెంత, ఇంక నెన్నేండ్లు పోషింపగలడు అను సంగతులు చెప్పడు. మహబూబాబాదు వైపు మిరప రైతు కుమారుడొకడు, మా పూర్వవిద్యార్థి, డిగ్రీ ముగించి హైదరాబాదులో పోటీపరీక్షల శిక్షణలో మూడేండ్లు గడపెను. తుదకు మాతో ననిన మాట యిది: "సార్, మా బాపుకు అప్పున్నదని షావుకారి ఇంటికొచ్చిన నాడే నాకు ఎరుకైంది." ఆ తండ్రి మౌనమును లోకము త్యాగమనును. మేమట్లనము. తండ్రి దాచెను, కొడుకు అడుగలేదు. ఇరువురును కన్నులు మూసికొని నడచిరి.

భూపాలపల్లి బొగ్గుగనుల వైపు మరియొక రీతి కలదు. సింగరేణి కార్మికుడు అనారోగ్యముచే పనికి అనర్హుడైనచో వారసునకు కారుణ్య నియామకము దొరకవచ్చును. ఆపదలోనున్న కుటుంబమునకది ఆసరా, మేము తప్పుపట్టము. కాని దానినే నమ్మి, కళాశాలకు పోవు కుమారుని వేరొక ఆలోచన చేయనీయకుండుట యెట్టి దూరదృష్టి? తండ్రి రోగముపై ఆధారపడిన జీవనోపాయమును భవిష్యత్తని పిలుతుమా?

"మేము చదువుకొననివారము, ఏమి చెప్పగలము?" అని కొందరందురు. చెప్పనక్కరలేదు, చూపుడు. జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడి పనివాడు కుమారుని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని నేర్పును. కంటితో చూడని పనిని ఎవడును ఎన్నుకొనజాలడు. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లులందు 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసెను. వానిని చూచి ఇంటింట "డాక్టరు" అను కేకయే లేచెను. ఆసుపత్రిలో నర్సులు, రక్తపరీక్షలు చేయువారు, మందులిచ్చువారు, యంత్రములు బాగుచేయువారు కూడ గౌరవముగ జీవించుచున్నారని బిడ్డను తోడ్కొనిపోయి చూపిన తండ్రులెందరు?

పదునారేండ్లు నిండిన కుమారుని మిత్రునివలె చూడవలెనని నీతికారులు ఏనాడో చెప్పిరి. మన ప్రభుత్వము 2016లో ఏర్పరచిన డిగ్రీ ప్రవేశముల పద్ధతికి "దోస్త్" అను పేరు కుదిరినది. పేరులో నున్న స్నేహితుడు ఇంటిలో లేకపోవుటయే మన దౌర్భాగ్యము.

కావున తలిదండ్రులారా! ఒక రాత్రి భోజనములైన పిదప అప్పుల చీటీలు, పాసుపుస్తకము బిడ్డ ముందుంచుడు. ఉన్నదింత, ఈయగలిగినదింత అని చెప్పుడు. కుమార్తెయైనచో పెండ్లికని దాచిన సొమ్మును గూడ ఆ లెక్కలో చేర్చుడు. తరువాత "నీవేమి తలచుచున్నావు?" అని యడిగి, సమాధానము ముగియువరకు మాటాడకుడు. కోరినది ఫలింపనిచో ఎన్నాళ్లకు, ఏ రెండవ దారి పట్టవలెనో కలసి నిర్ణయింపుడు. ఇందులకు పొలమమ్మనక్కరలేదు. పరువు పోవునను భయమును విడిచిన చాలును. షావుకారికి తెలిసిన మీ స్థితి మీ బిడ్డకు తెలియకుండుటకంటె వేరు పరువు తక్కువ యేమున్నది?