బొంగరానికి తాడెవరిస్తారు?

"అన్నానికి లేని పిల్లలకి బొంగరాలేమిటండీ?" అని అడిగేవాళ్ళున్నారు. అడగవలసిన ప్రశ్నే. ధర్మం చేసేవాడు ముందు కడుపు చూడాలి, తరవాత వొంటిమీది గుడ్డ చూడాలి అన్నది మన పెద్దలనాటి లెక్క. ఆ లెక్కలో ఆటవస్తువు యెక్కడో అట్టడుగున చిల్లర పద్దులో పడుతుంది. ఇచ్చినప్పుడైనా, మన పిల్లలు విరగ్గొట్టగా మిగిలిన కారూ, కన్ను వూడిన బొమ్మా అటకమీంచి దించి సంచీలో వేసి పంపిస్తాం. అటకా ఖాళీ అవుతుంది, పుణ్యమూ వస్తుంది.

మా బావగారి లెక్క వేరు. ఆయన వొక వర్క్‌షాపులో ముప్ఫైయేళ్ళపాటు లేతు మిషనుమీద ఇనుము చెక్కి రిటైరయ్యారు. ఇనుముతో విసిగో, వూరికే కూచుంటే మా అక్కయ్య చెప్పే పనులకి జడిసో, పెరటి వసారాలో మోటారుతో తిరిగే చిన్న తరిణె పెట్టుకుని కర్రకి దిగారు. పప్పుగుత్తి చేసిపెట్టమని అక్కయ్య మూడేళ్ళుగా అడుగుతోంది. ఆయన చేసేవి బొంగరాలే. అవి అమ్మరు. శరణాలయాలలోనూ, హాస్టళ్ళలోనూ వుండే పిల్లలకి పట్టుకెళ్ళి యిస్తారు. వెంట సంచీ మోసేవాణ్ణి నేను.

అనకాపల్లి జిల్లాలో, వరాహనది వొడ్డున వున్న ఏటికొప్పాక పేరు మీరు వినే వుంటారు. అక్కడి లక్కబొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మలకి వాడే అంకుడు కర్రే బావగారూ తెప్పించుకుంటారు. తెల్లని కర్ర, మెత్తని కర్ర. పోగు సన్నం కనుక వులికి పెళుసుగా లేవదు. అయితే బాగా ఆరాలి. పచ్చికర్రని తరిణె పడితే ఆ పూటకి గుండ్రంగానే వుంటుంది. ఆరే కొద్దీ వలయాల వెంబడి యెక్కువా, అడ్డంగా తక్కువా కుంచించుకుపోయి కోడిగుడ్డు వాటానికి వస్తుంది. అల్లాంటి బొంగరం వొళ్ళూపుకుంటూ నాలుగడుగులు వేసి కూలబడుతుంది. అందుకని నెలల తరబడి కర్రని నీడపట్టున వుంచుతారు. "ఆగలేనివాడు బొంగరం కొనుక్కోవాలోయ్, చెయ్యకూడదు" అంటారాయన.

తరవాత మేకు. నడిమినుంచి వెంట్రుకవాసి పక్కకి దిగినా బొంగరం వణుకుతుంది. కనుక కర్ర యింకా తరిణెమీద తిరుగుతూండగానే ఆ తిరుగుడు నడిమికి బెజ్జం వేస్తారు. మేకు కొట్టి, తల కోసేసి, మొనని ఆకురాయితో గుండ్రం చేస్తారు. సూదిమొన అయితే నేలలో దిగబడుతుంది. పిల్లవాడి కాల్లోనూ దిగబడుతుంది. మరీ చిన్నపిల్లలకి మేకే వుండదు. కాడ పట్టుకుని వేళ్ళతో తిప్పే చేతిబొంగరం యిస్తారు, అదీ నోట్లో పట్టనంత పెద్దది.

రంగు దగ్గర ఆయన పట్టింపు చూడాలి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు. 2017 నవంబరునుంచి అమలు. "నిబంధన మంచిదే. కాని డబ్బాలో వున్నదేమిటో నాకు కనపడదుగదా" అంటారు బావగారు. పసిపిల్లల వొంట్లో సీసం యింతవరకూ వున్నా ఫరవాలేదని చెప్పడానికి హద్దంటూ లేదు. అది మెదడు యెదుగుదలనే దెబ్బతీస్తుంది. పిల్లలు బొంగరాన్ని నోట పెట్టుకోరని పూచీ యెవరు పడతారు? అందుచేత ఆయన వాడేది లక్కే. ఏటికొప్పాకలో చెట్లనుంచి తీసే రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తేవడానికి సి.వి. రాజుగారు యేళ్ళ తరబడి పాటుపడ్డారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపుకొమ్మునుంచి పసుపు, నీలిమొక్కనుంచి నీలం, జాఫరా గింజలనుంచి నారింజ. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకి ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకు అదిమి పట్టేసరికి నిగనిగలాడుతుంది. ఈ వొక్క క్షణం చూడ్డానికే నేను ఆ వసారాలో గంటలు గంటలు కూచున్న రోజులున్నాయి.

వొక్క బొంగరానికి యింత పాటెందుకని అడిగితే ఆయన పని ఆపకుండానే అన్నారు: "నీ మనవడి బొంగరం తిరక్కపోతే బజారుకెళ్ళి యింకోటి తెస్తావు. ఆ పిల్లవాడికి యింకోటి యెవరు తెస్తారోయ్? తిరగని బొంగరం చేతిలో పెట్టడమంటే, పిలిచి వెక్కిరించడమే."

వొకచోట నిర్వాహకులు యెంతో మర్యాదగా, బొంగరాలన్నీ తమకి అప్పగిస్తే అలమారులో భద్రంగా వుంచుతామన్నారు. ఆ అద్దాల అలమారులో అప్పటికే చాలా బొమ్మలున్నాయి. కాగితం చుట్టలు విప్పనివి, కుక్కపిల్లలూ, రైళ్ళూ, వొక్కదానికీ చిన్న గీత పడలేదు. బావగారు అంతే మర్యాదగా వద్దని, వరండాలో చాప పరిపించి బొంగరాలు కుప్పపోసి, నచ్చింది తీసుకోమన్నారు. పిల్లలు చాలాసేపు తీసుకోలేదు. పళ్ళెమూ, దుప్పటీ, చొక్కా అన్నీ వొకే రకంవి, లెక్కపెట్టి యిచ్చేవి తీసుకోడం అలవాటైన పిల్లలు. యెంచుకోవడమే వాళ్ళకి కొత్త. చివరికి వొకడు నీలంది తీసి, "సాయంత్రం తిరిగిచ్చెయ్యాలాండీ?" అన్నాడు. అక్కరలేదన్నాక మిగతా చేతులు కదిలాయి.

ఆట కూడా అవసరమేనా అన్నదానికి శాసనాధారం కావలసినవాళ్ళకి అదీ వుంది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల వొడంబడికలో 31వ అధికరణం ఆటని హక్కుగా చెబుతుంది. మన దేశం 1992లో దానికి కట్టుబడింది. అయినా ప్రతిదానికీ వేళంటూ వుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బావగారు మొదట బొంగరాల వూసే యెత్తలేదు. బియ్యానికీ మంచినీళ్ళకీ చందాలు పోగుచేశారు. నీళ్ళు తీశాక, కొన్ని వారాలాగి, వెళ్ళాం. వీధి నిండా నానిన పరుపులూ, పుస్తకాలూ. బురదలో బొంగరం తిరగదు. బొంగరాలు చేతికందగానే పిల్లలు వెళ్ళి చీపురూ, చెంబూ తెచ్చి, వొక యింటిముందు సిమెంటు గచ్చు రుద్ది కడిగి ఆట మొదలుపెట్టారు. ఆ గచ్చు కడగమని అంతకుముందు వాళ్ళమ్మ యెన్నిసార్లు చెప్పిందో!

ఆడపిల్లలు మాత్రం యెక్కడికి వెళ్ళినా వెనకే నిలబడతారు. బొంగరం మగపిల్లల ఆట అని వాళ్ళకి యెవరు చెప్పారో గాని గట్టిగానే చెప్పారు. బావగారు పిలిచి యిస్తారు. వొక హాస్టల్లో యేడో తరగతి పిల్ల తాడు బిగించి చుట్టి, భుజం మీంచి విసిరితే, బొంగరం కదులుతోందో లేదో తెలియనంత నిలకడగా నిలిచి తిరిగింది. అక్కడున్న మగపిల్లలెవరిదీ అంతసేపు నిలవలేదు. అది పడ్డాక తీసుకుని నా దగ్గరికొచ్చి, "తాడు తెగితే యెల్లాగండీ? యిక్కడ దొరకదు" అంది.

అందుకని యిప్పుడు వొక్కో బొంగరానికి రెండేసి నూలుతాళ్ళు చుట్టి యిస్తున్నాం. కొలిచి కోసి, చివర్లు ముడివేసే పని నాది. ఈ నెల నలభై బొంగరాలకి ఎనభై తాళ్ళు కావాలి, యిరవై అయ్యాయి.